హెడ్‌ఫోనా, మోనిటరా? గిటారు ధ్వనిముద్రణలో చెవికి రెండు కొలబద్దలు



ఒకప్పుడు పాట రికార్డు చేయాలంటే పెద్ద నగరాల్లోని స్టూడియోకు వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడు ఒక కంప్యూటరు, ఒక మైకు, ఆ రెండింటినీ కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే ఇంట్లోనే గిటారు రికార్డు చేసుకోవచ్చు. మీలో చాలామంది చేస్తున్నారు కూడా. వారందరికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది: రికార్డు చేసినదాన్ని వినడానికి, సరిదిద్దడానికి హెడ్‌ఫోన్ మంచిదా, స్టూడియో మోనిటర్ మంచిదా? మోనిటర్ అంటే ఇక్కడ కంప్యూటరు తెర కాదు. ధ్వనిని అందంగా కాక, ఉన్నది ఉన్నట్టుగా వినిపించడానికి తయారుచేసిన లౌడ్‌స్పీకర్.

ఈ ప్రశ్నకు దుకాణంలో దొరికే జవాబు ధరను బట్టి ఉంటుంది. భౌతికశాస్త్రంలో దొరికే జవాబు వేరు. ఈ పాఠంలో ఆ జవాబును వెతుకుదాం. ముందుగా గిటారు చేసే ధ్వనిని, తరువాత ఆ ధ్వని మన చెవికి చేరే రెండు దారులను, చివరగా ఏ పనికి ఏది వాడాలో పరిశీలిద్దాం.

1. గిటారు నుంచి వెలువడేది ఒక ధ్వని కాదు

మామూలు శ్రుతిలో గిటారు ఆరు తీగల పౌనఃపున్యాలు లావు తీగ నుంచి సన్న తీగ వరకు సుమారుగా 82, 110, 147, 196, 247, 330 హెర్ట్జ్‌లు. ఇవి మూలస్వరాలు మాత్రమే. ప్రతి మూలస్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు పౌనఃపున్యం గల అతిస్వరాలు కూడా పుడతాయి. గిటారుకు ఆ మెరుపు వచ్చేది వాటివల్లనే.

తీగ ఒంటరిగా పెద్దగా వినిపించదు. అది వంతెనను కదిపితే, వంతెన పై చెక్కను కదిపితే, ఆ చెక్క గాలిని కదుపుతుంది. పెట్టె లోపలి గాలి, గుండ్రటి రంధ్రం కలిసి ఖాళీ సీసా మూతి మీద ఊదినప్పుడు వచ్చే ధ్వని లాంటి అనునాదాన్ని ఇస్తాయి. మామూలు గిటారులో అది 100 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. పై చెక్క ప్రధాన అనునాదం సుమారు 200 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది.

కాబట్టి మైకును రంధ్రానికి ఎదురుగా పెడితే 100 హెర్ట్జ్‌ల గుమ్మనే ధ్వని ఎక్కువగా వస్తుంది. 12వ మెట్టు వైపు తిప్పి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే తీగల స్పష్టత, పెట్టె నిండుదనం చాలావరకు సమతూకంలో వస్తాయి. మైకును నాలుగు వేళ్ళ వెడల్పు జరిపినా ధ్వని మారిపోతుంది. ఆ మార్పును సరిగ్గా వినగలగాలి. మన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. మనం వింటున్నది గిటారునా, లేక వినిపించే సాధనాన్నా?

2. రెండు దారులు

మోనిటర్ నుంచి బయలుదేరిన ధ్వని నేరుగా చెవికి వస్తుంది. అదే ధ్వని గోడకు, పైకప్పుకు, నేలకు, ముందున్న బల్లకు తగిలి పరావర్తనం చెంది కాస్త ఆలస్యంగా కూడా వస్తుంది. పైగా ఎడమ మోనిటర్ ధ్వని ఎడమ చెవికే కాదు, కుడి చెవికి కూడా చేరుతుంది.

హెడ్‌ఫోన్‌లో ఈ రెండూ ఉండవు. గది ఉండదు. ఎడమ ధ్వని ఎడమ చెవికే, కుడి ధ్వని కుడి చెవికే చేరుతుంది.

ఒక్క వాక్యంలో చెప్పాలంటే, మోనిటర్‌తో వినేవారు మోనిటర్‌ను, గదిని కలిపి వింటారు. హెడ్‌ఫోన్‌తో వినేవారు గదిని, రెండో చెవిని తీసేసి వింటారు. ఒకటి లేనిదాన్ని కలుపుతుంది, మరొకటి ఉండవలసినదాన్ని తీసేస్తుంది. ఈ పాఠంలో మిగిలినదంతా ఈ వాక్యానికి వివరణే.

3. రికార్డు చేసే సమయంలో

వాయిస్తూ రికార్డు చేస్తున్నప్పుడు ఎంపిక సులభం. మైకు తెరిచి ఉన్న గదిలో మోనిటర్ మోగితే ఆ ధ్వని కూడా మైకులోకి వెళుతుంది. తాళం కోసం పెట్టుకున్న టిక్‌టిక్ శబ్దం గిటారు వెనుక శాశ్వతంగా మిగిలిపోతుంది. మోనిటర్‌లో మైకు ధ్వనినే వినిపిస్తే అది మళ్ళీ మైకులోకి, మళ్ళీ మోనిటర్‌లోకి తిరిగి సభల్లో మనం వినే కీచుమనే కూత పుడుతుంది. కాబట్టి ఈ దశలో హెడ్‌ఫోనే కావాలి. అందులోనూ చెవిని పూర్తిగా కప్పే, వెనుక భాగం మూసి ఉన్న రకం కావాలి. వెనుక తెరిచి ఉన్న రకంలో ధ్వని విశాలంగా ఉంటుంది గానీ అది బయటికి కారుతుంది. నెమ్మదిగా మీటే చోట్ల సున్నితమైన మైకు ఆ కొద్ది ధ్వనినీ పట్టేస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది ఆలస్యం. కంప్యూటరు ధ్వనిని చిన్న చిన్న మూటలుగా కట్టి పంపుతుంది. సెకనుకు 44,100 నమూనాల చొప్పున తీసుకుంటూ 256 నమూనాలను ఒక మూటగా కడితే, ఒక్కో మూటకు సుమారు 5.8 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపి దాదాపు 12 మిల్లీసెకన్లు. ఆ సమయంలో ధ్వని గాలిలో సుమారు 4 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే మీ ఒడిలోని గిటారు 4 మీటర్ల దూరం నుంచి వినిపించినట్టు ఉంటుంది. తాళం పట్టుకోవడం కష్టమవుతుంది. మైకు ధ్వనిని కంప్యూటరుకు వెళ్ళకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపే ఏర్పాటు చాలా ఇంటర్‌ఫేస్‌లలో ఉంటుంది. దాన్ని వాడండి.

రెండవది, వాయిస్తూ ఉండగా మైకు స్థానాన్ని నిర్ణయించకండి. గిటారు పెట్టె మీ ఛాతీకి ఆనుకుని ఉంటుంది. దాని కంపనం శరీరం గుండా, గాలి గుండా మీకు చేరుతూనే ఉంటుంది. అప్పుడు మీరు వినేది మైకు పట్టినదాన్ని కాదు. ఒక అర నిమిషం రికార్డు చేసి, గిటారు పక్కన పెట్టి వినండి. మైకు జరపండి. మళ్ళీ రికార్డు చేసి వినండి. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

4. గది ఆడే ఆట

ఇప్పుడు మిక్సింగ్ దశకు వద్దాం. మన ఇళ్ళలో మామూలుగా కనిపించే గదిని తీసుకుందాం. వెడల్పు 10 అడుగులు, పొడవు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు. ఇటుక గోడలకు సిమెంటు పూత, పైన కాంక్రీటు స్లాబు, కింద టైల్స్. ఇవన్నీ ధ్వనిని దాదాపు పూర్తిగా తిరగకొట్టే ఉపరితలాలే.

ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూ ఇటూ తిరిగినప్పుడు స్థిర తరంగాలు ఏర్పడతాయని మీరు ఇంటర్మీడియట్‌లో చదివారు. మొదటి స్థిర తరంగం పౌనఃపున్యం కావాలంటే ధ్వని వేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. ధ్వని వేగం మన వాతావరణంలో సెకనుకు సుమారు 345 మీటర్లు అనుకుందాం. 10 అడుగులు అంటే 3.05 మీటర్లు. జవాబు సుమారు 57 హెర్ట్జ్‌లు. రెండవ స్థిర తరంగం దానికి రెట్టింపు, అంటే సుమారు 113 హెర్ట్జ్‌లు.

ఇప్పుడు గిటారును గుర్తు తెచ్చుకోండి. ఐదో తీగ స్వరం 110 హెర్ట్జ్‌లు. దాని పై అర్ధస్వరం 116.5. రెండూ ఈ 113కు పొరుగువే. పైగా మన గదిలో వెడల్పూ ఎత్తూ సమానం. అందువల్ల రెండు దిశల్లోనూ అవే పౌనఃపున్యాల దగ్గర అనునాదం వస్తుంది. ఒకదాని బలం మరొకదానికి తోడవుతుంది.

ఎడమ కుడి మోనిటర్లు సమానంగా వినిపించాలంటే మీరు వెడల్పులో సరిగ్గా మధ్య కూర్చోవాలి. రెండవ స్థిర తరంగపు పీడనం గోడల దగ్గర, మధ్యలో గరిష్ఠంగా ఉంటుంది. అంటే స్టీరియోకు సరైన కుర్చీయే 113 హెర్ట్జ్‌లకు అన్నింటికంటే పొగరుబోతు కుర్చీ అవుతుంది.

ఇక ఏమవుతుందో ఊహించండి. ఆ కుర్చీలో కూర్చుని గిటారు మిక్స్ చేస్తున్న విద్యార్థికి ఐదో తీగ అతిగా గుమ్మంటున్నట్టు వినిపిస్తుంది. ఆయన ఈక్వలైజర్‌లో 110 హెర్ట్జ్‌ల దగ్గర 6 డెసిబెల్స్ తగ్గిస్తాడు. ఆ గదిలో ఇప్పుడు అంతా బాగుంటుంది. అదే పాటను స్నేహితుడి కారులో వింటే ఐదో తీగ పలచబడి, గిటారు గట్టిదనం పోయి ఉంటుంది. తప్పు గిటారులో లేదు. గదిలో ఉన్న తప్పును ఆయన గిటారులో దిద్దాడు.

గోడలకు గుడ్డలు కట్టి దీన్ని ఆపవచ్చా? ఆపలేం. 113 హెర్ట్జ్‌ల తరంగదైర్ఘ్యం 3 మీటర్లకు పైమాటే. అందులో నాలుగో వంతు 76 సెంటీమీటర్లు. గోడకు అతికిన పలచని దుప్పటి, రెండంగుళాల నురుగుపలక ఎక్కువ పౌనఃపున్యాలను మాత్రమే పీల్చుకుంటాయి. అప్పుడు గదిలో మెరుపు తగ్గి గుమ్మనడం అలాగే ఉండి, పరిస్థితి మరింత మోసకరంగా మారుతుంది. మూలల్లో మందంగా పరుపులు నిలబెట్టడం, పుస్తకాలతో నిండిన బీరువాలు, కుర్చీని గది పొడవులో ముందుకు వెనక్కు జరిపి చూడటం కొంతవరకు సాయపడతాయి. పూర్తి పరిష్కారం కావు.

హెడ్‌ఫోన్ గొప్పతనం సరిగ్గా ఇక్కడ కనిపిస్తుంది. దానికి గది లేదు. అనుమానం వచ్చిన స్వరాన్ని హెడ్‌ఫోన్‌లో వినండి. అక్కడ ఐదో తీగ మిగతా తీగలతో సమానంగా ఉంటే ఈక్వలైజర్ జోలికి వెళ్ళకండి.

5. హెడ్‌ఫోన్ దాచే తప్పు

అలాగని హెడ్‌ఫోన్ నిర్దోషి కాదు. దాని లోపం మరో చోట ఉంది.

మోనిటర్లను మీకు 30 డిగ్రీలు ఎడమగా, 30 డిగ్రీలు కుడిగా పెట్టారనుకోండి. ఎడమ మోనిటర్ ధ్వని ఎడమ చెవికి చేరిన దాదాపు పావు మిల్లీసెకను తరువాత కుడి చెవికి చేరుతుంది. మధ్యలో తల అడ్డం ఉన్నందువల్ల కాస్త మందంగా చేరుతుంది. ఈ చిన్న ఆలస్యాన్నీ ఈ మందాన్నీ లెక్కగట్టి మెదడు ధ్వని మన ఎదుట ఉందని నిర్ణయిస్తుంది. హెడ్‌ఫోన్‌లో ఈ లెక్క లేదు. అందుకే గిటారు మన ఎదుట కాక తల లోపల ఉన్నట్టు ఉంటుంది. ఎడమ కుడి తేడాలు అతిగా విశాలంగా వినిపిస్తాయి.

ఇందులోని ప్రమాదం రెండు మైకులు వాడినప్పుడు బయటపడుతుంది. ఒక మైకును 12వ మెట్టు దగ్గర, మరొకదాన్ని వంతెన దగ్గర పెట్టారు. ఒకే ధ్వని రెండో మైకుకు 17 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణించి చేరిందనుకోండి. ఆలస్యం సుమారు అర మిల్లీసెకను. 1,000 హెర్ట్జ్‌ల తరంగానికి అది సరిగ్గా సగం ఆవర్తనం. ఒక మైకులో తరంగం పైకి లేస్తుంటే రెండో మైకులో కిందికి దిగుతుంది. రెండింటినీ కలిపితే అవి పరస్పరం కొట్టివేసుకుంటాయి. 3,000, 5,000 హెర్ట్జ్‌ల దగ్గరా అదే జరుగుతుంది. దువ్వెన పళ్ళ మధ్య సందుల్లా ధ్వనిలో ఖాళీలు పడతాయి. మీరు చదివిన విధ్వంసక వ్యతికరణం ఇదే.

కానీ ఒక మైకును పూర్తిగా ఎడమకు, మరొకదాన్ని పూర్తిగా కుడికి పంపి హెడ్‌ఫోన్‌లో వింటే ఈ రెండు తరంగాలు ఎక్కడా కలవవు. తప్పు ఉన్నా వినబడదు. పైగా ఎంతో విశాలంగా, ఇంపుగా ఉంటుంది. మోనిటర్లలో అవి గాలిలో కొంత కలుస్తాయి గనుక ఒక బోలుతనం వినిపిస్తుంది. ఒకే స్పీకరు ఉన్న ఫోనులోనో రేడియోలోనో పూర్తిగా కలుస్తాయి. అక్కడ గిటారు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. మీ పాటను చాలామంది వినేది అలాంటి సాధనాల్లోనే అని మరచిపోకండి.

దీనికి మందు రికార్డింగ్ దశలోనే ఉంది. రెండు మైకుల తలలను ఒకే చోట, ఒకదానికొకటి తగిలీ తగలనట్టు కోణంలో పెడితే ధ్వని రెండింటికీ ఒకేసారి చేరుతుంది. ఆలస్యం లేదు, కొట్టివేత లేదు. ఈ ఆలోచన పాతది. బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లూమ్‌లీన్ 1931లో స్టీరియో ధ్వనికి పేటెంటు దరఖాస్తు చేశారు. ముందు వెనుకలను సమానంగా వినే రెండు మైకులను ఒకే బిందువులో లంబకోణంలో పెట్టే పద్ధతి నేటికీ ఆయన పేరుతోనే ఉంది. మన విశ్వమోహన్ భట్ మోహనవీణ, అమెరికా గిటారు విద్వాంసుడు రై కూడర్ స్లైడ్ గిటారు కలిసి 1993లో 'ఎ మీటింగ్ బై ది రివర్' పేరుతో విడుదలైన రికార్డింగును ఈ పద్ధతిలోనే చేశారు. దానికి 1994లో గ్రామీ బహుమతి వచ్చింది. మోనిటర్లలో విని చూడండి. రెండు వాద్యాలూ ఎదురుగా, ఒకే గాలిలో ఉన్నట్టు ఉంటాయి.

మరో చిన్న విషయం. హెడ్‌ఫోన్ తక్కువ పౌనఃపున్యాలను సరిగ్గా వినిపించాలంటే అది చెవి చుట్టూ బిగుతుగా అమరాలి. కళ్ళజోడు కాడ వల్ల చిన్న సందు ఏర్పడినా లావు తీగల నిండుదనం తగ్గిపోతుంది. తగ్గిందని మీరు పెంచితే, వినేవారికి అది అతి అవుతుంది.

6. ఎంత గట్టిగా వినాలి?

బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లో ఒక ముఖ్యమైన విషయాన్ని ప్రకటించారు. ధ్వని నెమ్మదిగా ఉన్నప్పుడు మన చెవి తక్కువ పౌనఃపున్యాలను బాగా తక్కువగా వింటుంది. గట్టిగా పెంచిన కొద్దీ ఆ లోటు తగ్గుతుంది. అందుకే వాల్యూమ్ పెంచితే ఏ మిక్స్ అయినా నిండుగా, బాగున్నట్టు తోస్తుంది. ఇది మోనిటర్‌కూ హెడ్‌ఫోన్‌కూ సమానమే. మెత్తగా, పక్కవారితో మాట్లాడగలిగే స్థాయిలో, ఎప్పుడూ ఒకే స్థాయిలో విని నిర్ణయాలు తీసుకోండి.

హెడ్‌ఫోన్‌తో ఇంకో ముప్పు ఉంది. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు గనుక ఎవరూ తగ్గించమని చెప్పరు. గంటల తరబడి పని సాగుతుంది. పనిచేసే చోట్లకు విస్తృతంగా వాడే ఒక హద్దు ప్రకారం 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ వ్యవధి సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. సంగీతం వినే సాధనాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. మన లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒక్కో చెవిలో సుమారు 15 వేలు మాత్రమే. మనిషిలో అవి చనిపోతే మళ్ళీ పుట్టవు. మైకు పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. పని తరువాత చెవిలో గుయ్‌మనే శబ్దం వినిపిస్తే అది హెచ్చరిక అని గ్రహించండి. గంటకు పది నిమిషాలు చెవికి విశ్రాంతి ఇవ్వండి.

7. పనిని పంచి ఇవ్వండి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. రెండింటిలో ఏదీ సత్యం కాదు. రెండూ సాక్షులు. ఒక్కొక్క సాక్షికి ఒక్కొక్కటి బాగా కనబడుతుంది.

వాయిస్తున్నప్పుడు మూసి ఉన్న హెడ్‌ఫోన్ వాడండి. తీగ మీద వేలు జారిన కీచు, ఊపిరి శబ్దం, కుర్చీ కిర్రు, ఆపడం మరచిన ఫ్యాను హోరు, రెండు ముక్కలను అతికిన చోట వచ్చే టక్కుమనే శబ్దం, వీటిని పట్టడానికీ హెడ్‌ఫోనే సరి. భూతద్దం పెట్టినట్టు కనిపిస్తాయి. తక్కువ స్వరాల సమతూకం చూడటానికి, గది బాగాలేనంతవరకు, హెడ్‌ఫోన్ మాటకే విలువ ఇవ్వండి.

గిటారుకూ గొంతుకూ మధ్య ఎంత తేడా ఉండాలి, ఎడమ కుడి విశాలత ఎంత, ప్రతిధ్వని ఎంత కలపాలి అనే నిర్ణయాలు మోనిటర్ల ముందు తీసుకోండి. చివరగా రెండు వైపులనూ ఒకటిగా కలిపే మోనో మీట నొక్కి, ఫోను స్పీకరులో కూడా విని చూడండి. ఫోను స్పీకరు 82 హెర్ట్జ్‌ల మూలస్వరాన్ని పలకలేదు. అయినా పై అతిస్వరాలను బట్టి మెదడు ఆ లావు తీగ స్వరాన్ని ఊహించుకుంటుంది. అతిస్వరాలు స్పష్టంగా ఉంటే ఫోనులోనూ ఆ తీగ బతికే ఉంటుంది.

డబ్బు ఒక్కదానికే ఉందా? అయితే ముందు మంచి హెడ్‌ఫోన్ కొనండి. గదిని సరిచేయకుండా ఖరీదైన మోనిటర్ కొనడం అంటే డబ్బు పెట్టి గది తప్పులను మరింత స్పష్టంగా వినడమే. హెడ్‌ఫోన్ ఒక్కటే ఉన్నవారు మోనో పరీక్షను ఎన్నడూ మానకూడదు. మీకు నచ్చిన రెండు మంచి గిటారు రికార్డింగులను అదే హెడ్‌ఫోన్‌లో, అదే స్థాయిలో తరచు వింటూ ఉండాలి. సాధనం తీరు తెలిస్తే దాని మాటలో ఎంత నమ్మాలో తెలుస్తుంది.

మీరు చేసి చూడవలసినవి

ఒకటి: మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, మొదటి రెండు స్థిర తరంగాల పౌనఃపున్యాలు లెక్కించండి. అవి గిటారులో ఏ స్వరాలకు దగ్గరగా ఉన్నాయో రాసుకోండి.

రెండు: ఐదో తీగ స్వరాన్ని రికార్డు చేసి స్పీకరులో పదే పదే మోగిస్తూ గదిలో నడవండి. ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది గుర్తించండి. తరువాత అదే స్వరాన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని నడుస్తూ వినండి. తేడా ఎందుకో మీ మాటల్లో రాయండి.

మూడు: ఒక గిటారు రికార్డింగును రెండు ట్రాకులుగా చేసి, ఒకదాన్ని అర మిల్లీసెకను జరిపి, ఎడమ కుడిలకు పంచి హెడ్‌ఫోన్‌లో వినండి. తరువాత మోనో మీట నొక్కండి. పుస్తకంలో బొమ్మగా చూసిన వ్యతికరణం మీ చెవిలోనే జరుగుతుంది.

ఈ మూడింటికీ అయ్యే ఖర్చు ఒక కొలటేపు, ఒక సాయంత్రం.

సెలవు.